గుడారం పక్కన ఫిడేలు

కొండ మీద అన్నం ఓ పట్టాన ఉడకదు. గిన్నెలో నీళ్లు సలసల కాగుతూనే ఉంటాయి, మూత ఎగిరెగిరి పడుతూనే ఉంటుంది, మెతుకు పట్టి చూస్తే మాత్రం లోపల పలుకు తగులుతుంది. సముద్రమట్టానికి 8,750 అడుగుల ఎత్తున నీళ్లు దాదాపు 91 డిగ్రీలకే మరిగిపోతాయి. గాలి ఒత్తిడి అంత తక్కువ. మంట ఎంత పెంచినా నీళ్లు ఆవిరైపోతాయే తప్ప వేడి పెరగదు. బియ్యం సంగతే ఇలా ఉంటే కందిపప్పు గురించి చెప్పేదేముంది! అందుకే అమెరికాలోని టెల్యురైడ్ బ్లూగ్రాస్ ఉత్సవానికి పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరే తెలుగు కుటుంబం కారు డిక్కీలో టెంటు, స్లీపింగ్ బ్యాగుల సరసన ప్రెషర్ కుక్కర్‌కు కూడా చోటు చూసుకోవాలి. మూత బిగించాక అంత ఎత్తులోనూ లోపలి వేడి 115 డిగ్రీల దాకా వెళ్తుంది. ఇంటి దగ్గర మూడు విజిల్స్ అయితే అక్కడ ఐదు. ఆ కూతకు పక్క టెంటువాళ్లు ఉలిక్కిపడితే గరిటెడు పప్పు పెట్టి మంచి చేసుకోవడమే.

కొలరాడో రాష్ట్రానికి నైరుతి మూలన, శాన్ హువాన్ పర్వతాల మధ్య దొన్నెలాంటి లోయలో ఉంది టెల్యురైడ్. మూడు వైపులా నిట్టనిలువు కొండలు, నాలుగో వైపు ఒక్కటే దారి. ఊళ్లో ఉండే జనం 2,600 మంది. ఎత్తు ఎంతో మన లెక్కలో చెప్పాలంటే, తిరుమల కొండ మీద ఇంకో తిరుమల, దాని మీద మరో తిరుమల పెట్టినంత. ఆంధ్రప్రదేశ్‌లోని అతి ఎత్తయిన శిఖరాల్లో ఒకటైన అరమకొండ కూడా ఈ ఊరి వీధుల కంటే దాదాపు కిలోమీటరు కిందే ఉంటుంది.

ఏటా జూన్ మూడో వారంలో, పగళ్లు అన్నిటికన్నా పొడవుగా ఉండే రోజుల్లో, ఈ చిన్న ఊరి పార్కులోకి రోజుకు పది వేల మంది దాకా చేరతారు. గురువారం మొదలై ఆదివారం రాత్రికి ముగిసే నాలుగు రోజుల సంబరం అది. హోటల్ గదులు ఉన్నవే తక్కువ, ఉన్నవాటి అద్దె చుక్కల్లో. కాబట్టి ఎక్కువ మంది టెంట్లు వేసుకునే ఉంటారు. ఊరి పార్కులోనే కొన్ని క్యాంపు స్థలాలు, ఊరి బయట కొన్ని మైళ్ల దూరంలో మరికొన్ని. దూరంగా దిగినవాళ్లను తీసుకెళ్లి తీసుకురావడానికి బస్సులు తిరుగుతుంటాయి. పార్కులో చోటు దొరకాలంటే లాటరీ తగలాలి.

పిల్లలకు టికెట్ లేదు

సంగీత కచేరీ అంటే మామూలుగా పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లే వ్యవహారం. రాక్ కచేరీలైతే ఇక అడగక్కర్లేదు. టెల్యురైడ్ లెక్క వేరు. పెద్దవాళ్లు టికెట్ కొంటే వాళ్లతో వచ్చే పన్నెండేళ్ల దాకా పిల్లలకు ఉచితం. మైదానంలో పిల్లల కోసమే ఒక పందిరి వేస్తారు. రంగులు పూసుకునేవాళ్లు, బొమ్మలు చేసుకునేవాళ్లు అక్కడే. మూడేళ్ల పాప తండ్రి భుజాల మీద కూర్చుని బాంజో వింటుంటే, ఆ పక్కనే అరవై దాటిన ఆవిడ కుర్చీలో కూర్చుని ఊలు అల్లుకుంటూ ఉంటుంది. ఒకప్పుడు తానే అలా భుజాల మీద కూర్చుని వచ్చిన పిల్ల, ఇప్పుడు తన పిల్లను ఎత్తుకుని వస్తుంది. యాభై ఏళ్లు నడిచిన ఉత్సవంలో ఇది వింత కాదు.

ఈ పండుగ 1974లో మొదలైంది. ఊళ్లోని ఫాల్ క్రీక్ అనే బృందం పూనుకుంది. మరుసటి ఏడు న్యూ గ్రాస్ రివైవల్ అనే బృందంతో కెంటకీ కుర్రాడు సామ్ బుష్ మాండొలిన్ పట్టుకుని వచ్చాడు. అప్పటి నుంచి ఏ ఉత్సవానికీ రాకుండా లేడు. ఇప్పుడాయన డెబ్బై దాటిన మనిషి, జనం ఆయన్ను టెల్యురైడ్ రాజు అంటారు. 2020లో కొవిడ్ వల్ల ఉత్సవం ఆగింది. 2021లో జనాన్ని తగ్గించి రెండు వారాంతాలుగా జరిపారు. 2023లో యాభయ్యో ఉత్సవం.

ఇలా పిల్లాపాపలతో గుడారాలు వేసుకుని నాలుగు రోజులు ఉండటం అమెరికావాళ్లు కనిపెట్టిన వినోదమేమీ కాదని మేడారం వెళ్లొచ్చినవాళ్లు ఇట్టే చెబుతారు. రెండేళ్లకోసారి మాఘమాసంలో ములుగు అడవుల్లోకి బండ్లు కట్టుకుని, ట్రాక్టర్లెక్కి కుటుంబాలు కుటుంబాలే తరలివెళ్లడం, చెట్ల కింద పరదాలు కట్టి మూడు రాళ్ల పొయ్యి పెట్టడం, పిల్లలు జంపన్న వాగులో మునకలేయడం మనకు తరతరాలుగా ఉన్నదే. అక్కడ సమ్మక్క సారలమ్మలు, ఇక్కడ బాంజోలు. మొక్కు ఒక్కటే తేడా. అలాంటి జాతరలో పిల్లలకు గద్దె దగ్గర తోపులాట గుర్తుండదు, వాగూ బండీ గుర్తుంటాయి. టెల్యురైడ్‌లోనూ అంతే. పిల్లలకు వేదిక గుర్తుండదు, టెంటు గుర్తుంటుంది. ఈ సంగతి ముందే తెలిసిన తల్లిదండ్రులు నాలుగు రోజులూ హాయిగా గడిపేస్తారు. తెలియనివాళ్లు రెండో రోజు మధ్యాహ్నానికే పిల్లల మీద కేకలేస్తూ కనిపిస్తారు.

ఫిడేలంటే మనకు తెలుసు

బ్లూగ్రాస్ అంటే కొండ ప్రాంతపు పాత పాటల నుంచి పుట్టిన సంగీతం. కెంటకీకి చెందిన బిల్ మన్రో దీనికి ఆద్యుడు. ఆయన బృందం పేరే ఈ సంగీతానికి పేరైంది. మాండొలిన్, బాంజో, గిటారు, నిలువెత్తు బేస్, వాటితో ఫిడేలు. పశ్చిమ దేశాల శాస్త్రీయ సంగీతంలో వయొలిన్ అనిపించుకునే వాద్యాన్నే వీళ్లు ఫిడేలంటారు. మన పల్లెల్లోనూ నిన్న మొన్నటి దాకా అది ఫిడేలే. విజయనగరం ద్వారం వెంకటస్వామినాయుడు గారిని జనం ఫిడేలు నాయుడు గారనే పిలుచుకున్నారు. అమెరికాలో శనివారం పూట వయొలిన్ పాఠానికి వెళ్లి వర్ణాలు సాధన చేసే తెలుగు పిల్ల, ఈ క్యాంపులో అదే వాద్యాన్ని ఎవరో తాతగారు గుండెకు ఆనించుకుని చెప్పుల కాలితో తాళం వేస్తూ వాయించడం చూస్తే కళ్లు పెద్దవి చేసుకుని నిలబడిపోతుంది.

అసలు ఉత్సవం అక్కడే ఉంది. పెద్ద వేదిక మీద కచేరీ ముగిశాక టెంట్ల మధ్య నలుగురు కుర్చీలు దగ్గరికి జరుపుకుంటారు. ఒకరు మాండొలిన్ తీస్తారు, ఇంకొకరు గిటారు. ఐదో మనిషి ఎక్కడి నుంచో బేస్ మోసుకొస్తాడు. ఎవరి పేరు ఎవరికీ తెలియదు, పాట మాత్రం అందరికీ తెలుసు. ఒక్కొక్కరూ వంతు వచ్చినప్పుడు ముందుకు వచ్చి కాసేపు తమ గొప్ప చూపించి పక్కవాడికి అందిస్తారు. మన కచేరీల్లో తనియావర్తనం వేళ మృదంగం, ఘటం ఒకరి తర్వాత ఒకరు అందుకున్నట్టే. వలయంలో చిన్నపిల్ల వచ్చి నిలబడితే ఎవరో ఒకరు కాస్త జరిగి చోటిస్తారు. వాద్యం చేతికిచ్చి, ఇక్కడ వేలు పెట్టు అంటారు. టికెట్ కొన్నవారెవరూ లేని ఈ కచేరీలో మైకు లేదు, కాబట్టి చెవులకు మూతలక్కర్లేదు, వెళ్లి పడుకోమని తల్లి చెప్పేదాకా వేళంటూ లేదు.

వాద్యం పిల్లల చేతికి అందేంత దగ్గర్లో ఉండటం చిన్న విషయం కాదు. పాలకొల్లులో తండ్రి ఇంట్లో పెట్టుకున్న మాండొలిన్‌ను ఆరేళ్ల పిల్లాడు చేతిలోకి తీసుకున్నాడు కాబట్టే కర్ణాటక సంగీతానికి మాండొలిన్ శ్రీనివాస్ దొరికాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ చేసేనాటికి అతనికి తొమ్మిదేళ్లు నిండీ నిండలేదు. అమెరికాలో క్రిస్ థీలీ కథా అలాంటిదే. కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో అమ్మానాన్నలతో వెళ్లిన పిజ్జా దుకాణంలో బ్లూగ్రాస్ వింటూ పెరిగాడు. ఎనిమిదేళ్లప్పుడు అక్కడే పరిచయమైన ఇద్దరు అన్నాచెల్లెళ్లతో కలిసి నికెల్ క్రీక్ బృందం కట్టాడు. పన్నెండేళ్లకు మాండొలిన్‌లో జాతీయ విజేత. ఇప్పుడు టెల్యురైడ్ వేదికకు అతను ఇంటి మనిషి. శ్రీనివాస్ చేతిలో గమకాలు పలికిందీ, బిల్ మన్రో చేతిలో కొండపాట పరుగెత్తిందీ ఒకే వాద్యం మీద. ఈ సంగతి పిల్లలకు టెంట్లో పడుకోబెట్టి చెబితే, మర్నాడు వేదిక మీద మాండొలిన్ కనపడగానే వాళ్లే వేలు చూపిస్తారు.

పెద్ద వేదికకు ఉత్సవాన్ని తొలి రోజుల్లో నడిపిన ఫ్రెడ్ షెల్‌మన్ పేరు పెట్టారు. ఊరి నడుమ ఎల్క్స్ పార్కులో మరో చిన్న వేదిక ఉంది. అక్కడ టికెట్ లేకుండానే కూర్చోవచ్చు. రాత్రి వేల మంది ముందు వాయించే కళాకారుడు పగలు అక్కడ గడ్డి మీద కూర్చున్న వందమందికి తన వాద్యం గురించి కబుర్లు చెబుతాడు. పిల్లలున్నవాళ్లకు ఆ చిన్న వేదికే మేలు. కళాకారుడి చేతి వేళ్లు కనిపిస్తాయి. పోటీలు కూడా ఉంటాయి. 1990లో ఇక్కడి బృందాల పోటీలో గెలిచిన డిక్సీ చిక్స్ ఆ తర్వాత అమెరికా అంతటా మోగిపోయారు.

కొండ షరతులు

ఈ పండుగలో నిర్వాహకుల నిబంధనలు ఒకెత్తు, కొండ పెట్టే షరతులు ఒకెత్తు. రెండోవాటికి బతిమాలడాలు పనికిరావు.

మొదటిది ఊపిరి. హైదరాబాద్‌తో పోలిస్తే అక్కడ ఒక్కో గుక్క గాలిలో ప్రాణవాయువు ఐదో వంతు పైగా తక్కువ. డెన్వర్ నుంచి 530 కిలోమీటర్లు ఒక్క ఉరుకున కారు నడుపుకొచ్చి అదే సాయంత్రం పిల్లల్ని పరుగులు పెట్టిస్తే రాత్రికి తలనొప్పి, వాంతులు. పెద్ద పిల్లలైతే తల నొస్తోందని చెబుతారు. మాటలు రాని పసివాళ్లు చెప్పలేరు కదా. ఊరికే చిరాకు పడటం, పాలు వద్దనడం, ఆడుకోకుండా ఒళ్లోనే ముడుచుకోవడం చూసి తల్లే కనిపెట్టాలి. దారిలో తక్కువ ఎత్తున్న ఊళ్లో ఒక రాత్రి పడుకుని వెళ్లడం మంచిది. నీళ్లు మామూలు కంటే ఎక్కువ తాగించాలి. ఎంతకీ తగ్గకపోతే, ఊపిరి ఆడక ఆయాసపడుతుంటే, మందుల కోసం వెతుక్కుంటూ కూర్చోకుండా కిందికి దిగిపోవాలి. కచేరీ పోతే పోయింది.

రెండోది చలి, ఎండ, వాన. మూడూ ఒకే రోజులో. జూన్‌లో పగలు 23, 24 డిగ్రీలుంటుంది. రాత్రి 4, 5 డిగ్రీలకు పడిపోతుంది. పొద్దున్న టీషర్టుతో తిరిగిన పిల్లాడికి రాత్రి ఊలు టోపీ, మేజోళ్లు, రెండు స్వెట్టర్లు కావాలి. మంకీ క్యాప్ అంటే నవ్వే అమెరికా పిల్లలు కూడా రాత్రి తొమ్మిది దాటాక అలాంటిదే తగిలించుకుంటారు. ఆ ఎత్తులో ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాదాపు పావు వంతు ఎక్కువ చురుకు. చల్లగాలి వీస్తుంటే చర్మం కాలుతున్న సంగతి తెలియదు. మధ్యాహ్నం దాటితే ఉరుములు. మెరుపు మెరిసిన 30 సెకన్లలోపే ఉరుము వినిపిస్తే పిడుగు దగ్గర్లో ఉన్నట్టు. టెంటు పిడుగును ఆపదు. కారులోకో, గట్టి భవనంలోకో పోయి, చివరి ఉరుము విన్నాక అరగంట కూర్చోవాలి. పేకముక్కల కట్ట ఉపయోగపడేది అప్పుడే.

మూడోది ఎలుగుబంటి. టెల్యురైడ్ చుట్టూ నల్ల ఎలుగులు తిరుగుతాయి. వాటికి మనుషుల మీద మోజు లేదు, మనుషుల తిండి మీద ఉంది. టెంట్లో బిస్కెట్ ముక్క కూడా ఉంచకూడదు. జంతికలు, ఆవకాయ సీసా, చివరికి పిల్లల తియ్యటి టూత్‌పేస్టు కూడా ఎలుగు తెరవలేని పెట్టెలో పెట్టి తాళం వేయాలి. రాత్రి దిండు కింద చాక్లెట్ దాచుకోవడం పిల్లలకు అలవాటు. పడుకోబోయే ముందు జేబులు తడిమి చూడాల్సిందే.

నది కూడా ఉంది. ఊరి పార్కు పక్కగా పారే శాన్ మిగెల్ నదిలో జూన్ నెలంతా కొండల మీది మంచు కరిగి దిగుతుంది. నీళ్లు గడ్డకట్టేంత చల్లన, పైగా ఉరవడి. ఒడ్డున రాళ్లు ఏరుకోవచ్చు, పాదాలు తడుపుకోవచ్చు. అంతకు మించి దిగనివ్వకూడదు, చెయ్యి వదలకూడదు.

ఇక చెవులు. పెద్ద లౌడ్‌స్పీకర్ల ముందు కూర్చోబెట్టి పసివాళ్లకు సంగీతం పరిచయం చేద్దామనుకోవడం పొరపాటు. కచేరీ ప్రాంగణాల్లో సగటు ధ్వని 100 డెసిబెల్స్ దాటకూడదని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అది పెద్దల చెవుల సంగతి. పిల్లలకు చెవులను పూర్తిగా కప్పే మూతలు పెట్టాలి. మెత్తటి ప్లగ్గులు చిన్న చెవుల్లో ఇమడవు, పైగా నోట్లో పెట్టుకునే ప్రమాదం. మైదానంలో వెనక వైపు, కొండ కనిపించేలా దుప్పటి పరుచుకుంటే పాట బాగానే వినిపిస్తుంది. ముందు వరసలో చోటు కోసం పొద్దున్నే గేట్లు తెరవగానే చేతుల్లో పరదాలతో పరుగులు తీసేవాళ్లున్నారు. ఆ పందెం కుర్రకారుకు వదిలేయొచ్చు.

రోజు ఎవరిది?

టికెట్ డబ్బు గిట్టుబాటు కావాలంటే ప్రతి కచేరీ వినాల్సిందే అనుకునే తండ్రి ప్రతి క్యాంపులోనూ ఒకడుంటాడు. చేతిలో కార్యక్రమాల కాగితం, ముఖంలో హడావుడి. పిల్లలతో వచ్చినవాళ్లు రోజుకు రెండు కచేరీలు నింపాదిగా వింటే అదే ఎక్కువ. పొద్దున ఒకటి, సూర్యుడు దిగుతున్న వేళ ఒకటి. నడిమధ్యాహ్నం టెంటు నీడలో కునుకు. రాత్రి ఊళ్లోని హాళ్లలో పొద్దుపోయేదాకా సాగే ప్రత్యేక కచేరీలకు అమ్మానాన్నల్లో ఒకరు వెళ్తే ఇంకొకరు టెంట్లో ఉండాలి. వంతులు వేసుకోవడంలో గొడవలు రావడం సహజం, అది వాళ్లలో వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం.

మిగిలిన వేళల్లో పిల్లలకు ఊరే ఆటస్థలం. టెల్యురైడ్ నుంచి పక్క కొండ మీది మౌంటెన్ విలేజ్‌కు 1996 నుంచి గాజు డబ్బాల గొండోలా తిరుగుతోంది. పైసా టికెట్ లేదు. పదమూడు నిమిషాల ప్రయాణం. నడుమ స్టేషన్ 10,500 అడుగుల పైన. ఒకసారి ఎక్కిన పిల్లలు నాలుగు రోజుల్లో పదిసార్లు ఎక్కుతారు. ఊరి చివర లోయ ముగిసే చోట 365 అడుగుల బ్రైడల్ వీల్ జలపాతం తెల్లటి దారంలా వేలాడుతుంది. దాని తల మీద పాత విద్యుత్ కేంద్రం.

విద్యుత్తు అంటే ఇంకో కథ ఉంది. 1891లో ఈ ఊరికి దగ్గర్లోని ఏమ్స్ అనే చోట కొండ వాగు నీళ్లతో ఆల్టర్నేటింగ్ కరెంటు పుట్టించి, తీగల మీదుగా కొన్ని మైళ్ల అవతలి బంగారు గనికి పంపారు. పరిశ్రమ కోసం ఆ రకం కరెంటును దూరం పంపిన మొట్టమొదటి ప్రయత్నాల్లో అదొకటి. మన ఇళ్లలో ఫ్యాను తిప్పేదీ ఆ రకం కరెంటే. అంతకు రెండేళ్ల ముందు, 1889 జూన్ 24న, బుచ్ క్యాసిడీ అనే గజదొంగ ఇక్కడి బ్యాంకులో 20 వేల డాలర్లకు పైగా దోచుకుని గుర్రమెక్కి పారిపోయాడు. కచేరీ మధ్యలో విసుక్కునే ఎనిమిదేళ్ల పిల్లాడికి దొంగ కథ ఒకటి చేతిలో ఉంచుకోవడం ఎప్పుడైనా మంచిదే.

రాత్రి పదవుతుంది. వేదిక మీద ఎవరో ఫిడేలు లాగుతుంటారు. దుప్పట్ల మీద సగం మంది పిల్లలు నిద్రలో. చక్రాల బండ్లలో పడుకోబెట్టి, చుట్టూ చిన్న దీపాల దండలు కట్టి, నాన్నలు వాటిని చీకట్లో టెంట్ల వైపు లాక్కుంటూ వెళ్తారు. ఇంత ఖర్చు పెట్టి ఇంత దూరం వస్తే పిల్లాడు అసలు కచేరీకి నిద్రపోయాడని బాధపడాల్సిందేమీ లేదు. హరికథకు తీసుకెళ్తే మన తరమూ అలాగే అమ్మ ఒళ్లో నిద్రపోయింది.

టెల్యురైడ్ దాకా వెళ్లలేనివారికి మన దేశంలోనే దారి ఉంది. అరుణాచల్ ప్రదేశ్‌లో అపతానీ తెగవారు వరి మడుల్లో చేపలు పెంచే జీరో లోయలో 2012 నుంచి ఏటా సెప్టెంబరులో సంగీతోత్సవం జరుగుతోంది. స్థానికుడు బాబీ హానో, దిల్లీ గిటారిస్టు అనూప్ కుట్టి కలిసి మొదలుపెట్టారు. వెదురుతో కట్టిన రెండు వేదికలకు సూర్యచంద్రుల పేర్లు, డాన్యీ, పీలో. అక్కడా పొలాల పక్కన టెంట్లు వేసుకునే ఉంటారు. కుర్రకారు సందడి, బియ్యపు కల్లు జోరు టెల్యురైడ్ కంటే ఎక్కువ. కాబట్టి పిల్లలతో వెళ్లేవాళ్లు వేదికకు దూరంగా ఉన్న క్యాంపు చూసుకోవాలి. ఇన్నర్ లైన్ పర్మిట్ ముందే తీసుకోవాలి. వానకోటు తప్పదు. జీరోలో నీళ్లు 94, 95 డిగ్రీలకు మరుగుతాయి. కుక్కర్‌ను విమానంలో చెకిన్ లగేజీలో వేసుకోవచ్చు. క్యాంపు స్టవ్ గ్యాస్ డబ్బాను మాత్రం ఎక్కనివ్వరు, దిగాక కొనుక్కోవాల్సిందే.